ఈ ఉగాదికి పచ్చడి సీసాలు లేవు, సరుకు పొట్లం ఉంది

శివరాత్రి దాటిందంటే చాలు, మా దుకాణానికి ఒకటే ఫోన్లు: ‘ఉగాది పచ్చడి సీసాలు ఎప్పటి నుంచి ఇస్తారు?’ ఈసారి సీసాలు పెట్టడం లేదు. పచ్చడికి కావలసిన సరుకంతా పొట్లం కట్టి ఇస్తాం. కలుపుకోవడం మీ వంతు.

నిరుడు బాగా అమ్ముడుపోయిన సరుకును ఎందుకు ఆపారని ఇప్పటికే కొందరు అడిగారు. నిజమే, పండగ వారం రాబడిలో పెద్ద వాటా ఆ సీసాలదే. కానీ ఇది ఆవకాయ కాదు, నూనె పోసి ఏడాది దాచడానికి. చింతపండు పులుసు, బెల్లం, పచ్చి మామిడి ముక్కలు కలిసిన నీళ్లు మార్చి ఎండకు సాయంత్రానికే నురగ కడతాయి. వేపపువ్వుతో ఇంకో చిక్కు. అప్పుడే కలిపిన పచ్చడిలో పువ్వు నాలుకకు అక్కడక్కడ తగులుతుంది, వెంటనే బెల్లం వచ్చి ఆదుకుంటుంది. రెండు మూడు గంటలు నానితే చేదంతా పులుసులోకి దిగి, మామిడి ముక్క కూడా చేదెక్కుతుంది. ముందురోజే సీసాలో పోసి ఇవ్వాలంటే పువ్వు నామమాత్రంగా వేయాలి, లేదా నిల్వకు మందు కలపాలి. రెండూ మాకు ఇష్టం లేదు.

‘పిల్లలు తాగరు, వేపపువ్వు లేకుండా ఇవ్వండి’ అనేవారు ఏటేటా పెరుగుతున్నారు. కోపమేమీ లేదు కానీ, ఒక్కమాట. పచ్చడి తీసుకునేటప్పుడు పెద్దలు చదివే శ్లోకం గుర్తు తెచ్చుకోండి:

శతాయుర్వజ్రదేహాయ సర్వసంపత్కరాయ చ
సర్వారిష్టవినాశాయ నింబకందళభక్షణమ్

నూరేళ్ల ఆయుష్షు, వజ్రంలాంటి ఒళ్లు, సకల సంపదలు, అరిష్టాలు తొలగడం, ఇవన్నీ వేప చిగురు తింటే అని చెప్పింది. బెల్లం ఊసు అందులో లేదు! కన్నడిగులు బేవు బెల్ల అని వేప, బెల్లం కలిపి పంచుకుంటారు. గుడి పాడ్వా నాడు మరాఠీలు కూడా వేపాకు నోట్లో వేసుకుంటారు. అరటిపండు, పుట్నాలు, కొబ్బరి ఎవరి ఇంటి అలవాటు వారిది, జీడిపప్పు వేసుకున్నా అడ్డు చెప్పం. వేపపువ్వు తీసేస్తే మాత్రం అది మామిడికాయ పానకం.

ఇక ఆ పువ్వు దొరకడమే ఈసారి కష్టంగా ఉంది. ఉగాది 2024లో ఏప్రిల్ 9న వచ్చింది, 2025లో మార్చి 30న, ఈ ఏడాది మార్చి 19నే వస్తోంది. చాంద్రమానం లెక్క ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. ఈసారి అధిక జ్యేష్ఠం ఉంది కాబట్టి వచ్చే ఏడాది మళ్లీ ఏప్రిల్‌కు వెళుతుంది. చెట్లు పంచాంగం చూసి పూయవు కదా, చాలా కొమ్మలకు ఇంకా మొగ్గలే. పైగా 2021 ప్రాంతంలో మన వైపు వేపచెట్లు కొసల నుంచి మాడిపోవడం మీరంతా చూసే ఉంటారు. ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం పని అది. చాలావరకు మళ్లీ చిగిర్చాయి కానీ, అన్నీ పూర్వంలా విరగబూయడం లేదు.

మాకు పువ్వు తెచ్చే ఆడవాళ్లు తెల్లవారుజామున చెట్టు కింద పాత చీర పరచి కొమ్మలు దులుపుతారు. తర్వాతే అసలు పని. రెండు అరచేతుల మధ్య గుత్తిని మెల్లగా నలిపి, చేటలో చెరిగి, పచ్చి కాడలు ఏరేయాలి. కాడ పడితే ఉత్త చేదే, పువ్వులో ఉండే కమ్మటి వాసన రాదు. గంప నిండా తెచ్చిన గుత్తులు చెరిగేసరికి దోసెడు పువ్వవుతాయి. అందుకే వారికిచ్చే కూలి పెంచాం, పొట్లం ధర 120 రూపాయలైంది. అందులో కొత్త చింతపండు, బెల్లం, వేపపువ్వు, ఒక మామిడికాయ, ఉప్పు, మిరియాల పొడి ఉంటాయి. నలుగురైదుగురికి సరిపోతుంది. పువ్వు విడిగా చిన్న కాగితంలో కట్టి ఉంటుంది, తాగే ముందే కలపండి. మామిడి చెక్కు తీయకండి, వగరు దానిలోనే ఉంది.

బెల్లం ముదురు రంగులో ఉందని వెనక్కి తేకండి. పసుపుపచ్చగా మెరిసే బెల్లానికి ఆ రంగు చాలాసార్లు హైడ్రోస్ అనే రంగు తేల్చే రసాయనం వేస్తేనే వస్తుంది. (నల్లబెల్లం అనగానే మన వైపు ఎక్సైజ్ వారు గుర్తొస్తారు, గుడుంబాకు, అంటే నాటుసారాకు పోయే బెల్లం వేరు, ఇది వేరు.) అదే బెల్లం మేం అమ్మే భక్ష్యాల (బొబ్బట్ల) పూర్ణంలోనూ పడుతుంది కాబట్టి అవీ కాస్త నల్లగానే కనిపిస్తాయి. నెయ్యి ధర పెరిగినా భక్ష్యం ధర నిరుటిదే ఉంచాం, కానీ సంఖ్య తగ్గించాం. పెనం దగ్గర నిలబడే చేతులు నాలుగే మరి.

ఆర్డర్లు మార్చి 16 సాయంత్రం వరకు తీసుకుంటాం. హనుమకొండ, వరంగల్, కాజీపేటలకు పండగనాడు ఉదయం ఎనిమిదిలోపు పంపుతాం. విదేశాలకు ఈసారి లేదు. శనగపప్పు ఉడికించిన కట్టు చారుకు కావలసినవారు గిన్నె తెచ్చుకుంటే ఊరికే పోస్తాం, మూత ఉన్న గిన్నె అయితే మరీ మంచిది.