వేలాడే మనిషి కార్డు గురించి

అందరికీ నమస్కారం. నిన్న బెంగళూరు మారతహళ్లిలో కలిసినప్పుడు టారో (జోస్యానికి వాడే బొమ్మల కార్డులు) చూస్తుంటే 12వ కార్డు 'వేలాడే మనిషి' రాగానే ఒకావిడ మొహం పాలిపోయింది, "నన్నెవరైనా బలి చేస్తారా అండీ?" అని. ఆ హోటల్ గోలలో సరిగ్గా చెప్పలేకపోయాను, అందుకే ఇక్కడ రాస్తున్నా.

బొమ్మని నిదానంగా చూడండి. 1909లో పమేలా కోల్‌మన్ స్మిత్ గీసిన దాంట్లో అతని మెడకు ఉరి లేదు, తాడు కాలికుంది. తలకిందులుగా ఉన్నా మొహంలో బాధ కనిపించదు, తల చుట్టూ కాంతి. కొయ్య కూడా ఎండుది కాదు, ఆకులున్నాయి. పాత ఇటలీలో ఈ కార్డుని 'ద్రోహి' అనేవారు; అక్కడ ద్రోహుల్ని ఇలాగే తలకిందులుగా గీసి పరువు తీసేవారు. శిక్ష బొమ్మే పోనుపోను త్యాగం బొమ్మయింది!

మనకి బలి వేరు, త్యాగం వేరు. మేకను అడిగి బలివ్వరు. శిబి తన తొడ తనే కోసిచ్చాడు. ఈ కార్డు శిబి వైపే అని నా లెక్క. అలాగని కోడలు ఉద్యోగం మానేయాలని చెప్పడానికి దీన్ని వాడకండి, నాకు ఒళ్లు మండుతుంది.

వచ్చే ఆదివారం కబ్బన్ పార్కులో 13వ కార్డు. అది మృత్యువు, ముందే చెప్తున్నా.