తొంభైనాలుగు మార్కులు వచ్చిన విద్యార్థి ఫిర్యాదు

కోర్సు నిర్వాహకులకు,

విషయం: స్టాక్ మార్కెట్ ఇంగ్లీషు కోర్సులో తప్పుడు అర్థాలు, రుసుము వాపసు

అయ్యా / అమ్మా,

షేర్ల పెట్టుబడి గురించి ఇంగ్లీషులో మాట్లాడడం నేర్పుతామన్న మీ ఆన్‌లైన్ కోర్సును నేను పూర్తి చేశాను. పాఠాలన్నీ విన్నాను, అభ్యాసాలన్నీ రాశాను. చివరి పరీక్షలో నూటికి 94 మార్కులు వచ్చాయి. నా ఫిర్యాదుకు మొదటి సాక్ష్యం ఆ మార్కులే. నేను తప్పుగా నేర్చుకున్నవన్నీ మీ పరీక్షలో ఒప్పులయ్యాయి. పోయిన ఆరు మార్కుల్లో నాలుగు, నేను సరైన జవాబు రాసినందుకు పోయాయి.

నాకు షేర్లు కొత్త కాదు. కంపెనీ లాభనష్టాల పట్టిక చదవగలను, లెక్క వేసుకోగలను. మా కార్యాలయంలో వేర్వేరు భాషల వాళ్ళం వారానికొకసారి కూర్చుని పెట్టుబడుల గురించి ఇంగ్లీషులో మాట్లాడుకుంటాం. అక్కడికి వచ్చేసరికి నాకు నోరు పెగలదు. తెలిసిన విషయాన్ని చెప్పలేకపోవడం తెలియకపోవడం కంటే బాధగా ఉంటుంది. అందుకే మీ కోర్సులో చేరాను. ఇప్పుడు నోరు పెగిలింది. పెగలకుండా ఉన్నా బాగుండేదని ఆ రోజు అనిపించింది.

జరిగింది ఇది. ఒక సహోద్యోగి ఫలానా కంపెనీలో తాను ‘షార్ట్’ అన్నాడు. మీ ఏడో పాఠం ప్రకారం లాంగ్ అంటే దీర్ఘకాలం, షార్ట్ అంటే స్వల్పకాలం. కొద్ది రోజుల కోసం కొన్నాడు కాబోలు అనుకున్నాను. తరువాతి వారానికి ఆ షేరు 9 శాతం పెరిగింది. అందరి ముందూ అతన్ని అభినందించాను. ఇంకొంతకాలం ఉంచుకుంటే మరింత వస్తుందని సలహా కూడా ఇచ్చాను, అదీ మీరు నేర్పిన వాక్యంతోనే. గది నిశ్శబ్దమైపోయింది. అతను ఆ షేర్లను కొననే లేదు. అప్పు తెచ్చి అమ్మాడు. ధర తగ్గాక కొని తిరిగి ఇచ్చేసి, మధ్య తేడాను మిగుల్చుకోవాలని అతని ఆలోచన. ధర పెరిగిన కొద్దీ అతనికి నష్టం. పైగా ఆ నష్టానికి పై హద్దు లేదు, ఎందుకంటే ధర ఎంతవరకైనా పెరగవచ్చు. మర్యాదస్థుడు కనుక నవ్వి ఊరుకున్నాడు.

ఈ రెండు మాటలకూ కాలంతో సంబంధం లేదు. షేరు చేతిలో ఉండి, పెరిగితే లాభపడేవాడు లాంగ్. ఉదయం కొని మధ్యాహ్నం అమ్మేసినా ఆ కాసేపూ అతను లాంగే. ‘దీర్ఘకాలిక పెట్టుబడిదారు’ అనే మాటలోనూ లాంగ్ ఉండడం వల్ల కొత్తవాళ్ళు తికమకపడతారు. ఆ తికమకను విడదీయడానికే కదా ఉపాధ్యాయుడు ఉండేది? మీ పాఠం ఆ ముడిని మరింత బిగించింది.

ఇదే సందర్భంలో మీ మూడో పాఠం గుర్తొస్తుంది. పెరిగే మార్కెట్‌ను ‘బుల్’ అనీ, పడే మార్కెట్‌ను ‘బేర్’ అనీ ఎందుకంటారో చెబుతూ, ఎద్దు కొమ్ములతో పైకి కుమ్ముతుంది, ఎలుగుబంటి పంజాతో కిందికి కొడుతుంది అంటూ బొమ్మలతో నలభై నిమిషాలు చెప్పారు. వినడానికి బాగానే ఉంది. కానీ ‘బేర్’ అనే మాట వెనుక ఉన్నది ఎలుగుబంటిని పట్టకముందే దాని తోలు అమ్మవద్దని చెప్పే పాత సామెత. మన ‘ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం’కు దూరపు చుట్టం అనుకోవచ్చు. తన దగ్గర లేని షేర్లను అమ్మేవాడిని 18వ శతాబ్దపు ఇంగ్లండులో ఆ పేరుతో పిలిచారు. ఈ ఒక్క ముక్క చెప్పి ఉంటే షార్ట్ అంటే ఏమిటో ఎవరికీ మళ్ళీ చెప్పవలసిన పని ఉండేది కాదు. మార్కెట్ గరిష్ఠ స్థాయి నుంచి సుమారు 10 శాతం పడితే కరెక్షన్ అనీ, 20 శాతం పడితే బేర్ మార్కెట్ అనీ వాడుక ఉంది. మాట్లాడేటప్పుడు నిజంగా పనికొచ్చేది ఇదే. దీనికి మీరిచ్చింది అర నిమిషం.

ఇక ‘బిడ్’, ‘ఆస్క్’. నన్ను అన్నిటికంటే బాధపెట్టింది ఈ జంటే, ఎందుకంటే ఇక్కడ తప్పు మీ ఇంగ్లీషులో లేదు, మీ తెలుగులో ఉంది. ఆస్క్ అంటే అడగడం కనుక ‘అడిగే ధర’ అని రాసేశారు. తెలుగులో బేరం దగ్గర అడిగేది ఎవరు? కొనేవాడు. ‘ఆ స్థలాన్ని ఎంతకు అడిగారు?’ అంటే కొనేవాళ్ళు ఎంత ఇస్తామన్నారని అర్థం. అమ్మేవాడు ధర చెబుతాడు. ‘ఎంత చెబుతున్నాడు?’ అనే మన ప్రశ్న అమ్మేవాడి గురించే. కాబట్టి ఇంగ్లీషులో అమ్మేవాడి ధర అయిన ఆస్క్ మనకు ‘చెప్పే ధర’, కొనేవాడి ధర అయిన బిడ్ మనకు ‘అడిగే ధర’. మీ పదకోశం ఈ రెంటినీ సరిగ్గా తలకిందులు చేసింది. తెలుగువారి కోసం తెలుగులో తయారుచేసిన కోర్సు అని ప్రకటించుకున్నారు కనుక ఇంత గట్టిగా చెబుతున్నాను.

పదకోశంలో మిగిలినవి యంత్రం అనువదించగా ఎవరూ చూడకుండా వదిలేసినవని నా అనుమానం. ఒక కంపెనీకి ‘అవుట్‌స్టాండింగ్’ షేర్లు 5 కోట్లు ఉన్నాయన్న వాక్యానికి మీ అనువాదం ‘5 కోట్ల అద్భుతమైన షేర్లు’. కంపెనీ జారీ చేయగా ప్రస్తుతం వాటాదారుల చేతుల్లో ఉన్న షేర్లు అవి. ఆ సంఖ్యను ధరతో గుణిస్తేనే కంపెనీ మార్కెట్ విలువ వస్తుంది. అవి అద్భుతమో కాదో కొన్నవాళ్ళను అడగాలి. ‘ఓపెన్ ఇంటరెస్ట్’ మీకు ‘బహిరంగ ఆసక్తి’ అయింది, నిజానికి అది ఇంకా పరిష్కారం కాకుండా మిగిలి ఉన్న ఫ్యూచర్స్, ఆప్షన్స్ అనే ముందస్తు కొనుగోలు, అమ్మకపు ఒప్పందాల సంఖ్య. ఆప్షన్‌ను, అంటే నిర్ణీత ధరకు కొనే లేదా అమ్మే హక్కును, ‘ఎక్సర్‌సైజ్’ చేయడం, అంటే వినియోగించుకోవడం, వ్యాయామం అయింది. మార్కెట్ ‘ర్యాలీ’, అంటే ధరలు పుంజుకోవడం, ఊరేగింపు అయింది. ఇంట్లో వాళ్ళకు చదివి వినిపిస్తే అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. రుసుము చెల్లించింది నేనొక్కడినే.

నవ్వలేనిది ఇరవై రెండో పాఠం. లిమిట్ ఆర్డరు అంటే నష్టానికి పరిమితి పెట్టేదని రాశారు. పరీక్షలో ఒక ప్రశ్న: మీ దగ్గరున్న షేరు ధర 100 ఉంది, 90కి పడిపోతే అమ్మేయాలనుకుంటున్నారు, ఏ ఆర్డరు పెడతారు? మీ సమాధానం, 90 దగ్గర అమ్మకపు లిమిట్ ఆర్డరు. నేను స్టాప్ ఆర్డరు అని రాశాను, మార్కులు పోయాయి. అమ్మకపు లిమిట్ ఆర్డరుకు అర్థం ‘ఈ ధరకు గానీ, ఇంతకంటే ఎక్కువకు గానీ అమ్ము’ అని. ధర 100 ఉన్నప్పుడు 90 అని పెడితే, కొనేవాళ్ళు ఉన్నంతవరకు ఆ షేరు అప్పటికప్పుడే 100కు అటూ ఇటుగా అమ్ముడుపోతుంది. పడిపోయేదాకా ఆగి, 90ని తాకినప్పుడు మాత్రమే కదిలేది స్టాప్ ఆర్డరు. అది కదిలాక, దొరికిన ధరకు అమ్మేసే మామూలు మార్కెట్ ఆర్డరుగా మారుతుంది కనుక, ధర వేగంగా పడుతుంటే 90 కంటే తక్కువకే అమ్ముడుపోవచ్చు. ఈ హెచ్చరిక మీ పాఠంలో ఎక్కడా లేదు. డబ్బు లేని అభ్యాస ఖాతాలో రెండు ఆర్డర్లూ పెట్టి చూసి మరీ ఇది రాస్తున్నాను. మీ విద్యార్థులందరూ ముందు అభ్యాస ఖాతాలోనే చూసుకుంటారన్న హామీ ఏముంది?

చిన్నవి మరో రెండు. ధరల గురించి చెప్పేటప్పుడు ‘బై’, ‘టు’ అనే మాటల తేడాను మీరు వదిలేశారు. ‘40 తగ్గింది’ వేరు, ‘40కి తగ్గింది’ వేరు. మనం ఒక్క ‘కి’తో తేల్చే సంగతి అది. ఇంగ్లీషులో మొదటిదానికి బై, రెండోదానికి టు అని ఒక్క వాక్యం చాలేది. అలాగే పాయింట్లనూ శాతాలనూ కలిపేశారు. అమెరికాలో డౌ జోన్స్ సూచీ 2020 మార్చి 16న 2,997 పాయింట్లు పడింది, 1987 అక్టోబరు 19న 508 పాయింట్లే పడింది. అందుకని 2020 పతనమే పెద్దదని మీ పఠనాంశం తేల్చింది. శాతాల్లో చూస్తే 1987లో పడింది 22.6, 2020లో పడింది 12.9 మాత్రమే.

అన్నీ చెడ్డవని అనను. ఉచ్చారణ పాఠాలు శ్రద్ధగా చేశారు. అప్పు అనే అర్థం ఉన్న ‘డెట్’లో బి పలకదని మీ దగ్గరే తెలుసుకున్నాను, ఇన్నేళ్ళూ డెబ్ట్ అనే అంటూ వచ్చాను. యీల్డ్‌కు, అంటే ఏటా వచ్చే డివిడెండు (కంపెనీ పంచే లాభం) షేరు ధరలో ఎంత శాతమో చెప్పే లెక్కకు, ‘దిగుబడి’ కూడా మంచి మాటే. కాకపోతే పొలంలో దిగుబడి పెరిగితే సంతోషం, షేరులో అన్నివేళలా కాదు. ఏడాదికి 4 డివిడెండు ఇచ్చే షేరు 100 నుంచి 50కి పడితే యీల్డ్ 4 శాతం నుంచి 8 శాతానికి ఎగబాకుతుంది. ఆ ఒక్క ఉదాహరణ చేర్చండి.

ఈ తప్పుల్లో కొన్నిటిని లోగడ మీ సహాయ విభాగానికి రాశాను. మీ ఆసక్తికి ధన్యవాదాలు, ఇటువంటి సందేహాలకు తదుపరి స్థాయి కోర్సులో చేరండి అని జవాబు వచ్చింది. నేను సందేహం అడగలేదు, తప్పు చూపించాను. ఆ తప్పును దిద్దుకోవడానికి మళ్ళీ నేనే రుసుము కట్టాలా?

నేను కోరేవి ఇవి. చెల్లించిన రుసుము పూర్తిగా వాపసు చేయండి. ఏడు, ఇరవై రెండు పాఠాలను దిద్దేదాకా అమ్మకం నుంచి తీసివేయండి. మార్కెట్ తెలిసి, తెలుగు కూడా తెలిసిన మనిషి చేత పదకోశాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివించండి. ఇప్పటికే కోర్సు పూర్తి చేసినవాళ్ళకు, ముఖ్యంగా లిమిట్, స్టాప్ ఆర్డర్ల గురించి, సవరణ పంపండి. నేను గుర్తించిన 31 తప్పులను పాఠం సంఖ్యతో సహా విడిగా జతచేస్తున్నాను. 15 రోజుల్లో జవాబు రాకపోతే వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయిస్తాను.

మీరిచ్చిన ధ్రువపత్రాన్ని కూడా ఈ లేఖతో తిప్పి పంపుతున్నాను. దానిమీద నా ప్రతిభను ‘అవుట్‌స్టాండింగ్’ అని మెచ్చుకున్నారు. మీ పదకోశం ప్రకారమా, మార్కెట్ ప్రకారమా అన్నది తెలియజేయగలరు.

ఇట్లు,
మీ కోర్సు పూర్తి చేసిన విద్యార్థి