మోనెల్ షాఫ్టుకు ఇనప నట్టా?

సంపాదకులకు,

వేట నిషేధంతో మర బోట్లన్నీ ఒడ్డున కట్టేసిన ఈ రోజుల్లో ఫిషింగ్ హార్బరులో ఎవరి నోట విన్నా ఒకటే మాట: "ఈసారి మోనెల్ వేయించేద్దాం, తుప్పు బెడద తీరిపోద్ది." ముప్పై ఏళ్లు లేతు ముందు నిలబడినవాణ్ని. ఆ మాట సగమే నిజం.

మోనెల్ ఓ మిశ్రలోహం: మూడింట రెండొంతుల నికెల్, మిగిలినదాంట్లో చాలామటుకు రాగి. పారే ఉప్పునీటికి లొంగదు. అందుకే సముద్రంలో చమురు తీసే వేదికల కాళ్లకు, అలలు కొట్టే చోట దీని రేకు చుడతారు. లేతు మీద చెక్కేటప్పుడు ఉలి కాస్త మొద్దుబారి రుద్దుకుందా, పైపొర బిర్రబిగిసి మనల్నే ఏడిపిస్తుంది. డబ్బున్నవాడి లోహం.

కిందటేడు తమ్ముడి వరసయినాయన బోటుకు ఉప్పునీటి పంపు షాఫ్టు దీంతోనే తీసిచ్చాను. కొసన ఇంపెల్లరును (నీటిని తోసే రెక్కల చక్రాన్ని) పట్టే నట్టు మాత్రం ఆయన నాలుగు డబ్బులు మిగులుతాయని జింకు పూసిన ఇనపది కొన్నాడు. దసరాలకి పంపు విప్పితే షాఫ్టు మీద నా ఉలి గీతలు కూడా చెరగలేదు. నట్టు అటుకుల్లా రాలింది. "షాఫ్టు బానే ఉంది కదన్నా, ఇదేటి ఇలాగయిపోనాది?" అన్నాడు.

ఉప్పునీట్లో రెండు లోహాలు ఆనుకుంటే తుప్పుకు తేలిగ్గా లొంగేదాన్నే అది తింటుంది. అది చిన్నదై, పక్కది పెద్దదైతే మరీ తొందరగా. 1915లో అమెరికాలో 'సీ కాల్' అనే విలాస నౌకకు మోనెల్ తొడుగు వేసి, కొన్ని భాగాలు ఉక్కువే ఉంచారు. ఆ ఉక్కును తుప్పు తినేయడంతో కొన్ని నెలలకే నౌకను విప్పేశారు. తిరగేసి పెద్ద ఉక్కు పలకకు చిన్న మోనెల్ బోల్టు బిగిస్తే అంత ప్రమాదం లేదు.

ఇంకొకటి. నిలవ నీరు మోనెల్‌కూ పడదు, గుంటలు పడతాయి. రెండు నెలలు కదలని బోటులో పంపు నిండా ఉప్పునీరు వదిలేయకండి. తీసేసి మంచినీళ్లతో కడగండి. కొనేటప్పుడు అయస్కాంతాన్ని నమ్మకండి. నికెల్, రాగి పాళ్లను బట్టి, ఎండను బట్టి మోనెల్‌కు అది కొంచెం అంటుకోనూ వచ్చు, అంటుకోకపోనూ వచ్చు. లోహంలో ఏవి ఎంతున్నాయో చెప్పే టెస్టు సర్టిఫికెట్ అడగండి.

జూన్ 14 దాకా గడువుంది. ఈలోగా షాఫ్టును మెచ్చుకోవడం ఆపి, నట్టు విప్పి చూసుకోండి.

- ఓ విశ్రాంత టర్నర్, మల్కాపురం, విశాఖపట్నం