లోడు దించి మా పిల్లల్ని కాపాడినవాళ్లకు కృతజ్ఞతలు

గురువారం రాత్రి తొమ్మిదింటికి మా సామిల్లుకి నిద్రగన్నేరు దుంగల లారీ వచ్చింది. రోడ్డు వెడల్పు పనిలో కొట్టేసిన చెట్లు, వేలంలో కొన్నాం. మొత్తం 11 దుంగలు. టార్చి వేసి చూడగానే నాకు కాళ్లు ఆడలేదు. లోడంతా ఎడమవైపుకి ఒరిగిపోయి ఉంది, ఆ వైపు ఇనప గుంజ ఒకటి వంగిపోయింది. అక్కడ ఎక్కించినవాళ్లు లావు దుంగల్ని పైన, సన్నవాటిని కింద వేశారు. నిద్రగన్నేరు టేకులా తిన్నగా ఉండదు, అన్నీ వంకరలూ బుడిపెలే. ఒకదాని మీద ఒకటి కుదురుగా కూర్చోదు. కాలవగట్టు రోడ్డు గుంతలకి మొత్తం కదిలిపోయింది.

డ్రైవరుకి తెల్లవారేసరికి ఇంకో లోడు ఉందట. ఆ తొందరలో నేనే మా కుర్రాళ్లిద్దరినీ తాళ్లు విప్పమన్నాను. మేం ఏళ్ల తరబడి చేసే పద్ధతి అదే. తాళ్లు విప్పి, లారీకి వాసాలు ఆనించి, పలుగులతో దుంగల్ని దొర్లించేస్తాం. ఒకడు ఎడమవైపు నిలబడి ముడి మీద చెయ్యి కూడా వేశాడు. అప్పుడే మా హమాలీ మేస్త్రీ బాబాయి "ఒరేయ్, చెయ్యి తియ్యి, ఇవతలికి రా" అని అరిచాడు. "బాబూ, ఆ దుంగల్ని ఇప్పుడు పట్టుకుని ఉంది ఆ తాడొక్కటే. అది వదిలితే వాడి మీదికే వస్తాయి" అన్నాడు. ఆ పిల్లాడికి 20 ఏళ్లు. బాబాయ్, మీకు ముందుగా దణ్ణం పెడుతున్నాను.

హైడ్రా, అంటే బరువులెత్తే క్రేన్, నడిపే ఆపరేటర్ అన్నకి ఫోన్ చేశాను. రోజంతా పని చేసి అప్పుడే భోజనానికి కూర్చున్నారు. విసుక్కోకుండా మొదట అడిగిన మాట, "పెద్ద దుంగ బరువెంత?" అని. నేను 40 ఘనపుటడుగులన్నాను. "అది మీ బేరం లెక్క, నాకు బరువు కావాలి" అన్నారు.

కలప కొలిచేవాళ్లందరూ ఈ సంగతి వినాలి. చుట్టుకొలతలో నాలుగో వంతుని దానితోనే హెచ్చవేసి, పొడవుతో గుణిస్తాం. చుట్టు 8 అడుగులు, పొడవు 10 అడుగులైతే 40 ఘనపుటడుగులు వస్తాయి. కానీ గుండ్రటి దుంగలో నిజంగా ఉండేది దాదాపు 51. ఆ తేడా తరుగు కింద పోతుందని బేరంలో వదిలేస్తాం, కొక్కేనికి మాత్రం ఆ బరువంతా వేలాడుతుంది. పైగా పచ్చి కర్ర, నిండా నీరు. టన్నున్నర అనుకుని దిగుదామన్నారు అన్న. బూమ్ చాచేకొద్దీ క్రేన్ ఎత్తగలిగే బరువు తగ్గిపోతుంది కాబట్టి, లారీకి దగ్గరగా గట్టి నేల ఎక్కడుందో అదీ అడిగారు. ఇన్నేళ్ల నుంచి కలప పనిలో ఉండి ఈ లెక్క నాకు ఒక్కసారి కూడా తట్టలేదు.

"రాత్రి వద్దు, పొద్దున్నే వస్తా. అప్పటిదాకా లారీ దరిదాపులకి ఎవర్నీ రానివ్వకండి" అన్నారు. టైర్లకి రాళ్లు పెట్టి, చుట్టూ తాడు కట్టి, బాబాయి రాత్రంతా కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నాడు. డ్రైవరు తన లోడు పోయినా ఒక్క మాట అనలేదు. మా ఇంటి అరుగు మీద పడుకున్నాడు.

పొద్దున ఆరింటికి 18 కిలోమీటర్ల నుంచి హైడ్రా వచ్చింది. కాలవ పూడిక పనిలో ఉన్న జేసీబీ కుర్రాడు కూడా, అడగ్గానే తన పని ఆపి వచ్చాడు. అతను బకెట్‌ని ఎడమవైపు దుంగలకి మెల్లగా ఆనించి, కదలకుండా పట్టుకున్నాడు. ఆ తర్వాతే, అదీ కుడివైపు నుంచి, తాళ్లు వదిలారు. ఒక్కో దుంగనీ పైనుంచి మొదలుపెట్టి బెల్టు రెండు చుట్లు వేసి, జానెడు ఎత్తి, ఆగి, జారడం లేదని చూసుకున్నాకే పక్కకి తిప్పారు. సైగలు బాబాయి ఒక్కరే చేశారు. డ్రైవరుతో సహా అందర్నీ దూరంగా నిలబెట్టారు. నాలుగో దుంగ లేవగానే కిందివి రెండు ఒక్కసారిగా కదిలి జేసీబీ బకెట్‌కి కొట్టుకున్నాయి. ఆ చప్పుడు ఇంకా నా చెవుల్లో ఉంది. ముందురాత్రి మా పిల్లాడు నిలబడింది సరిగ్గా అక్కడే.

తొమ్మిదిన్నరకి ఆఖరి దుంగ దిమ్మెల మీదికి దిగింది. దొర్లకుండా అటూ ఇటూ చీలలు కొట్టాక గానీ అన్న బెల్టు విప్పనివ్వలేదు.

జేసీబీ కుర్రాడు డబ్బులు తీసుకోలేదు. హైడ్రా అన్న మామూలు కిరాయి తప్ప పైన రూపాయి ముట్టుకోలేదు. వాళ్ల పాప చదువుకోవడానికి బల్ల కావాలని మాటల్లో అన్నారు. అది టేకుతో మేమే చేసి పంపుతున్నాం, దయచేసి కాదనకండి, అన్నా. ఇద్దరూ పేర్లు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు.

ఎత్తే యంత్రాల్ని, గొలుసుల్ని ఏడాదికోసారైనా పరీక్ష చేయించాలని అన్న చెప్పారు. మా చైన్ బ్లాకు (బరువులెత్తే గొలుసు కప్పీ) చూడ్డానికి ఈ వారమే మనిషి వస్తున్నారు. కొత్త బెల్టులు రెండు జతలు కొని గేటు పక్క గదిలో పెట్టాను. చుట్టుపక్కల మిల్లుల్లో ఎవరికి అవసరమైనా వచ్చి తీసుకెళ్లండి, తాళం మేస్త్రీ బాబాయి దగ్గరే ఉంటుంది.