చందాదారులకు 2024 జమా ఖర్చుల వివరణ

చందాదారులందరికీ నమస్కారం. 2024 జనవరి 1 నుంచి డిసెంబరు 31 వరకు, వలస కాగితాలు లేని, వీసా చిక్కుల్లో పడిన యువతకు సాయపడే మన నిధికి వచ్చిన సొమ్మును, అందులోంచి అయిన ఖర్చును సెంట్లతో సహా ఇక్కడ చెబుతున్నాం. వచ్చిన దాంట్లో దాదాపు సగం న్యూజెర్సీలోని ఎడిసన్, ఐసెలిన్, పిస్కాటవే పరిసరాల్లోని తెలుగు కుటుంబాలు నెలనెలా వేసిన చందాలే. ఈ ఏడాది ఒక ఖర్చు గురించి, అంటే తెలుగువారు కాని పిల్లల డాకా రుసుములు కూడా మన నిధి నుంచి కట్టడం గురించి, చాలామంది గట్టిగా అడిగారు. అడిగే హక్కు వారికి ఉంది. అందువల్ల అంకెల కంటే వివరణే పొడవుగా ఉంటుంది, ఓపికగా చదవమని మనవి.

జమ (డాలర్లలో)
2023 నుంచి వచ్చిన నిల్వ: 3,412.60
కుటుంబాల నెలవారీ చందాలు: 21,840.00
ఉగాది విందు టికెట్లు, విరాళాలు: 9,265.00
పేరు చెప్పవద్దన్న దాత ఇచ్చినది: 5,000.00
యువత నడిపిన టిఫిన్ల దుకాణం: 2,374.50
సాయం పొందినవారు తిరిగి కట్టినది: 2,565.00
బ్యాంకు వడ్డీ: 18.72
మొత్తం జమ: 44,475.82

ఖర్చు (డాలర్లలో)
డాకా పునరుద్ధరణ రుసుములు: 20,095.00
న్యాయవాదుల సంప్రదింపులు: 5,250.00
యువ కార్యకర్తల భత్యం: 4,800.00
వాషింగ్టన్ ప్రయాణం, బస్సు, భోజనాలు: 3,136.30
ఉగాది విందు ఖర్చు: 3,118.45
కార్యకర్తల దారి ఖర్చులు, రశీదుల మీద: 1,316.85
హాలు అద్దె: 1,200.00
అత్యవసర సాయం, ఒక కుటుంబానికి: 1,000.00
ధ్రువపత్రాల అనువాదాలు: 960.00
బీమా: 875.00
ట్రెంటన్ (న్యూజెర్సీ రాజధాని) ప్రయాణాలు: 742.00
అచ్చు, తపాలా: 541.20
బ్యాంకు, ఆన్‌లైన్ చెల్లింపుల కోత: 389.64
మొత్తం ఖర్చు: 43,424.44
చేతిలో నిల్వ: 1,051.38

మొదట అన్నిటికంటే పెద్ద పద్దు. డాకా అంటే, చిన్నతనంలో అమెరికాకు వచ్చి కాగితాలు లేకుండా ఉండిపోయిన వారిని రెండేళ్లపాటు దేశం నుంచి పంపించకుండా ఆపి, పని చేసుకోవడానికి అనుమతి ఇచ్చే ఏర్పాటు. 2012 జూన్ 15న ఒబామా ప్రభుత్వం ప్రకటించింది. ఇది పౌరసత్వం కాదు, గ్రీన్ కార్డుకు దారీ కాదు. రెండేళ్లకోసారి మళ్లీ దరఖాస్తు చేసి, మళ్లీ రుసుము కట్టాలి. గడువు తప్పితే ఉద్యోగం ఆ రోజుతోనే ఆగిపోతుంది. రుసుము 2024 మార్చి 31 వరకు 495 డాలర్లు ఉండేది. ఏప్రిల్ 1 నుంచి ఆన్‌లైన్‌లో అయితే 555, కాగితం మీద పంపితే 605 అయింది. గడువుకు నాలుగైదు నెలల ముందు దరఖాస్తు చేసుకోవాలని ప్రభుత్వం సూచిస్తుంది. పెంపు వార్త రాగానే ఆ గడువు దగ్గరపడిన తొమ్మిది మందిని మన పిల్లలు ఇంటింటికీ ఫోన్లు చేసి మార్చిలోనే దరఖాస్తు చేయించారు. దానివల్ల తలకు 60 డాలర్లు, మొత్తం 540 డాలర్లు మిగిలాయి. ఏప్రిల్ తర్వాత ఆన్‌లైన్‌లో 26, కాగితం మీద 2 దరఖాస్తులు వెళ్లాయి. మొత్తం 37. ఎవరి చేతికీ నగదు ఇవ్వలేదు. ప్రతి రుసుమూ మన ఖాతా నుంచి నేరుగా ప్రభుత్వానికే చేరింది.

ఈ 37 మందిలో తెలుగువాళ్లు ఆరుగురు, భారతదేశంలోని ఇతర రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లు ఐదుగురు. మిగిలిన 26 మంది మెక్సికో, ఈక్వెడార్, పెరూ, ఫిలిప్పీన్స్, కొరియా వంటి దేశాల్లో పుట్టినవాళ్లు. "మేం మన పిల్లల కోసం ఇచ్చాం, డబ్బు ఎవరెవరికో పోయింది" అన్న మాట వచ్చింది. దీన్ని దాటవేయం.

అసలు డాకా ఎవరివల్ల వచ్చింది? 2001లో సెనేటర్ డర్బిన్ ఇలాంటి పిల్లలకు చట్టబద్ధ హోదా ఇచ్చే డ్రీమ్ బిల్లును తలపెట్టడానికి ఆయన దృష్టికి వచ్చిన థెరీసా లీ కథ కారణం. ఆమె కొరియా తల్లిదండ్రులకు బ్రెజిల్‌లో పుట్టి షికాగోలో పెరిగిన పియానో విద్వాంసురాలు. సంగీత కళాశాలకు దరఖాస్తు చేయబోతే కాగితాలు లేవని బయటపడింది. ఆ బిల్లు తొమ్మిదేళ్లు అటూ ఇటూ తిరిగింది. 2010 జనవరి 1న నలుగురు విద్యార్థులు మయామీ నుంచి వాషింగ్టన్‌కు కాలినడకన బయలుదేరారు. పదిహేను వందల మైళ్లు నడిచి మే 1న చేరారు. దారిలో ఏ పోలీసు ఆపినా వారిలో ఎక్కువమంది బతుకు తలకిందులయ్యే స్థితిలో ఊరూరా ఆగి తమ పేరు, తమ పరిస్థితి బహిరంగంగా చెప్పుకున్నారు. ఆ మార్చిలోనే షికాగోలో యువతీ యువకులు వేదికెక్కి "మాకు కాగితాలు లేవు, మాకు భయమూ లేదు" అన్నారు. మే నెలలో టక్సన్‌లో సెనేటర్ మెక్కెయిన్ కార్యాలయంలో బైఠాయించిన వారిలో ఇరాన్‌లో పుట్టిన మొహమ్మద్ అబ్దొల్లాహి ఉన్నాడు. డిసెంబరు 18న సెనేట్‌లో బిల్లుకు 55 ఓట్లు వచ్చాయి. ముందుకు సాగడానికి 60 కావాలి. బిల్లు పడిపోయింది. వాళ్లు ఆగలేదు. చట్టం లేకపోయినా అధ్యక్షుడు తన అధికారంతో ఆపగలడని పట్టుబట్టారు. ఏడాదిన్నర తర్వాత డాకా వచ్చింది.

ఆ రోజుల్లో మనవాళ్లు ఎక్కడున్నారు? ఇళ్లలో తలుపులు వేసుకుని ఉన్నారు. ఉద్యోగం పోయి, హెచ్‌-1 ఉద్యోగ వీసా కాలం చెల్లి, తిరిగి వెళ్లలేక ఉండిపోయిన కుటుంబాలు అప్పుడూ ఉన్నాయి. బంధువులకు తెలిస్తే పరువు పోతుందని పెళ్లిళ్లకు, పూజలకు రావడమే మానేశారు. 2012 తర్వాత ఆ ఇళ్ల పిల్లలూ డాకా తీసుకున్నారు. వాళ్ల తరఫున నడిచింది, కూర్చున్నది, అరెస్టయింది వేరే భాషల పిల్లలు. ఈ మాట చెప్పడానికి మాకు మొహమాటం లేదు. మన ఆరుగురికి దరఖాస్తు నింపడం నేర్పిన అమ్మాయి ఈక్వెడార్‌లో పుట్టింది. ఆమె రుసుము కూడా ఈ 37లో ఉంది. సమితి ఆ ఖర్చును మనస్ఫూర్తిగా సమర్థిస్తోంది.

తెలుగువారి పునరుద్ధరణ దరఖాస్తుల్లో నిధి నుంచి కాదన్నది ఒక్కటీ లేదు. వచ్చిన ఆరూ ఇచ్చాం. ముందు అడిగినవారికి ముందు, గడువు దగ్గరున్నవారికి అంతకంటే ముందు అన్నదే వరుస. ఒక చందాదారు పెద్ద మొత్తం ఇస్తామని, అది తెలుగువారికే వాడాలని షరతు పెట్టారు. సొమ్ము తీసుకోలేదు కాబట్టి జమలో కనిపించదు.

న్యాయవాదుల పద్దు గురించి ఎవరూ అడగలేదు గానీ, మన ఇళ్లకు ఎక్కువ తాకేది అదే. గంటకు 175 డాలర్ల చొప్పున 30 సంప్రదింపులకు చెల్లించాం. అందులో 18 హెచ్‌-4 వీసా (ఉద్యోగ వీసాదారుల భార్య లేదా భర్తకు, పిల్లలకు ఇచ్చేది) మీద ఉన్న పిల్లలవి. తల్లిదండ్రుల గ్రీన్ కార్డు వరుస దశాబ్దాలు సాగుతుంటే, పిల్లలకు 21 ఏళ్లు నిండగానే ఆ వీసా నీడ తొలగిపోతుంది. విద్యార్థి వీసాకు మారాలి, లేదా దేశం వదలాలి. 2002లో వచ్చిన బాలల హోదా రక్షణ చట్టం, వయసు లెక్కలో కొంత వెసులుబాటు ఇచ్చేది, కొందరికే అక్కరకొస్తుంది. వీళ్లకు డాకా కూడా వర్తించదు, ఎందుకంటే 2012 జూన్ 15 నాటికి చట్టబద్ధమైన హోదా లేనివారికే అది. సక్రమంగా వచ్చినందువల్లే ఆ రక్షణ దక్కకుండా పోయింది. ఇలాంటివారు దేశంలో రెండున్నర లక్షల మంది ఉంటారని అంచనా. దీప్ పటేల్ అనే యువకుడు 2017లో ఇంప్రూవ్ ది డ్రీమ్ అన్న సంస్థ పెట్టి ఈ సమస్యను కాంగ్రెస్ దాకా తీసుకెళ్లాడు. ఆయనా అలా పెరిగినవాడే. మనం వాషింగ్టన్‌కు పంపిన బస్సులో కాగితాలు లేని పిల్లలు, హెచ్‌-4 పిల్లలు పక్కపక్కన కూర్చుని వెళ్లారు. కొన్ని ఇళ్లలో తల్లిదండ్రులు మొదట అందుకు ఒప్పుకోలేదు. "మా వాడు చట్టప్రకారం ఉన్నాడు, ఆ గుంపులో ఎందుకు" అన్నారు. 21 నిండిన మర్నాడు తమ పిల్లవాడు ఏ గుంపులో ఉంటాడో వాళ్లే ఆలోచించుకోవాలి.

యువ కార్యకర్తల భత్యం ముగ్గురికి, ఒక్కొక్కరికి ఏడాదికి 1,600. ముగ్గురికీ పని అనుమతి ఉంది. పని మొత్తం చేసేది వీళ్లు ముగ్గురే కాదు. అందరికంటే ఎక్కువ తిరిగే ఇద్దరికి అనుమతి లేదు కాబట్టి వాళ్లకు భత్యం ఇవ్వడానికి చట్టం ఒప్పుకోదు. బస్సు, రైలు, భోజనం రశీదులు చూపితే ఆ మేరకు మాత్రం చెల్లించాం. 1,316.85 అదే. ఇలాంటివాళ్లు ఇక పెరుగుతూనే ఉంటారు. డాకాకు 2007 జూన్ 15 నుంచి అమెరికాలోనే ఉండి తీరాలి. ఇప్పుడు హైస్కూల్లో ఉన్న పిల్లల్లో ఎక్కువమంది అప్పటికి పుట్టనేలేదు. అర్హత ఉన్నవారి కొత్త దరఖాస్తులు కూడా 2021 జూలైలో టెక్సాస్ కోర్టు తీర్పుతో ఆగిపోయాయి. ప్రభుత్వం రుసుము తీసుకుంటుంది, మంజూరు చేయదు. అందుకే కొత్త దరఖాస్తులకు మన నిధి నుంచి ఒక్క సెంటూ ఇవ్వలేదు. అడిగి వెళ్లిన పిల్లల ముఖాలు మాకు గుర్తున్నాయి.

వాషింగ్టన్, ట్రెంటన్ ప్రయాణాలు రాజకీయం కాదా అని ఒక పెద్దాయన అడిగారు. మనది 501-సి-3, అంటే పన్ను మినహాయింపు ఉన్న, లాభాపేక్ష లేని సంస్థ. చట్టసభ సభ్యులను కలిసి బిల్లు కోసం మాట్లాడవచ్చు. మనం ఎంచుకున్న లెక్క ప్రకారం ఆ పనికి ఖర్చులో 20 శాతం వరకు అనుమతి ఉంది. రెండు ప్రయాణాలకు కలిపి 3,878.30 అయింది. భత్యంలో ఆ పనికి పోయిన గంటల విలువ కలిపినా మొత్తం ఖర్చులో 11 శాతం దాటదు. ఎన్నికల్లో ఏ అభ్యర్థికీ, ఏ పార్టీకీ మద్దతు ఇవ్వకూడదు. నవంబరు ఎన్నికల ముందు రెండు వైపుల నుంచీ అడిగారు, ఇద్దరికీ కాదన్నాం. ట్రెంటన్ వెళ్లి ప్రయోజనం ఏమిటన్నవారికి ఇంకొక మాట. 2013లో కాగితాలు లేని విద్యార్థులకు న్యూజెర్సీ కాలేజీల్లో రాష్ట్ర వాసులకు ఉండే తక్కువ ఫీజు, 2018లో చదువుకు రాష్ట్ర ఆర్థిక సాయం, 2021 మే నుంచి వలస హోదాతో పని లేకుండా డ్రైవింగ్ లైసెన్సు, ఇవన్నీ అక్కడికి పదేపదే వెళ్లి కూర్చున్న యువత సాధించినవే. హెచ్‌-1 పొడిగింపు కాగితాలు ఆలస్యమై లైసెన్సు గడువు తీరిన మన ఉద్యోగులకు కూడా ఆ లైసెన్సు అక్కరకొచ్చింది.

ఏ ఖర్చు పెట్టాలో నిర్ణయించేది ఐదుగురు యువతీ యువకులు. చెక్కుల మీద సంతకాలు పెట్టేది మేము ముగ్గురం. పెద్దలే నిర్ణయించాలని కొందరి సూచన. దానికి సమితి ఒప్పుకోలేదు. ఎవరి గడువు ఎప్పుడో, ఎవరు ఇంట్లో చెప్పకుండా దాస్తున్నారో, ఏ దరఖాస్తు ఎక్కడ తిరిగొస్తుందో వాళ్లకు తెలిసినంత మాకు తెలియదు. డబ్బు దుర్వినియోగం కాకుండా చూడడం మా పని. ఒక్క వోచరు కూడా సంతకం లేకుండా పోలేదు.

ఇక పేర్లు. మన ఊళ్లో గుడి చందాల లెక్క గోడకు అంటించినప్పుడు ఎవరికి ఎంత ఇచ్చారో పేర్లతో ఉంటుంది. ఇక్కడ అలా కుదరదు. ఎవరికి సాయం అందిందో ప్రకటిస్తే, వాళ్లకు కాగితాలు లేవని ఊరంతా చాటినట్టే. ఒక చిరునామా, ఒక ఫోటో చాలు, ఒక ఇల్లు చెదిరిపోతుంది. అందుకే వోచర్ల మీద అంకెలే ఉంటాయి. పేర్ల పుస్తకం ఒకటే ఉంది, చేతిరాతతో, కంప్యూటర్లో లేదు. లెక్కలు తనిఖీ చేసిన ముగ్గురు, అంటే అకౌంటెంటుగా పని చేస్తున్న ఒక చందాదారు, పదవీ విరమణ చేసిన బ్యాంకు అధికారి, యువత ఎన్నుకున్న ఒకరు, ఆ పుస్తకాన్ని ప్రభుత్వ రశీదులతో ఒక్కొక్కటిగా సరిచూసి సంతకం చేశారు. ఏ చందాదారు అయినా పేర్లు కప్పిన రశీదులను మా ఎదుట కూర్చుని చూసుకోవచ్చు. పుస్తకం మాత్రం ఎవరికీ చూపం, ఎంత పెద్ద దాతకైనా సరే.

మిగిలిన పద్దులు చిన్నవి. అనువాదాలు ఎక్కువగా ఆంధ్ర, తెలంగాణ మునిసిపాలిటీలు ఇచ్చిన తెలుగు జనన ధ్రువపత్రాలవి. ఉగాది విందులో ఖర్చు పోను 6,146.55 మిగిలింది. వంటకు, వడ్డనకు వచ్చిన తల్లులకు కృతజ్ఞతలు. తిరిగి కట్టమని మేం ఎవరినీ అడగలేదు. ఆ 2,565 డాలర్లు ఉద్యోగాలు దొరికాక పిల్లలు తమంతట తాము తెచ్చి ఇచ్చినవి.

2025 జనవరి 17న టెక్సాస్ కేసు అప్పీలు విన్న అయిదో సర్క్యూట్ కోర్టు డాకాపై తీర్పు ఇచ్చింది. పునరుద్ధరణలు ప్రస్తుతానికి సాగుతున్నాయి. 2025 జూన్ లోపు గడువు తీరేవారి నుంచి ఇప్పటికే 14 విన్నపాలు అందాయి. ఆన్‌లైన్ రుసుము లెక్కన 7,770 డాలర్లు కావాలి. నిల్వ 1,051.38, అంటే ఇద్దరి రుసుముకు కూడా నిండా చాలదు. ఇంకా 6,718.62 సమకూరాలి. ఆగిపోయిన నెలవారీ చందాలను ఈ నెల నుంచి మళ్లీ మొదలుపెట్టమని, కొత్తగా ఇవ్వదలచినవారు ఏ షరతూ లేకుండా ఇవ్వమని కోరుతున్నాం. విన్నపాలు గడువు వరుసలో ఉన్నాయి. డబ్బు వచ్చిన వెంటనే వరుసలో ముందున్నవారి రుసుము కడతాం.

సమితి తరఫున,
కోశాధికారి