సేఫ్టీ కాలేజీల లిస్టు గురించి

అందరికీ నమస్కారం. ఈ ఫాల్‌లో అమెరికన్ కాలేజీలకు అప్లై చేస్తున్న పిల్లల తల్లిదండ్రులకు ఒక మాట. కామన్ యాప్‌లో (ఒకే అప్లికేషన్‌తో చాలా కాలేజీలకు అప్లై చేసే వెబ్‌సైట్) 20 కాలేజీల దాకా పెట్టొచ్చు కదా అని పెద్ద పేర్లతోనే నింపేయకండి. సేఫ్టీ కాలేజీలు, అంటే సీటు దాదాపు ఖాయం అనుకున్నవి, కనీసం రెండు ఉండాలి.

చాలామంది పొరబడేది మేజర్ (డిగ్రీలో ప్రధాన సబ్జెక్టు) దగ్గర. యూనివర్సిటీ మొత్తం అడ్మిట్ రేటు చూసి సేఫ్టీ అనేసుకుంటారు. కంప్యూటర్ సైన్స్ లెక్క వేరు. సియాటిల్‌లోని యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌నే చూడండి: యూనివర్సిటీలో సీటు వచ్చినా, కంప్యూటర్ సైన్స్‌లో నేరుగా రాకపోతే తర్వాత అందులోకి మారడం చాలా కష్టం. ఏ కాలేజీ అయినా మేజర్ వారీగా కనుక్కోండి.

మనం ఫీజు కట్టలేనిది కూడా సేఫ్టీ కాదు. కాలేజీ వెబ్‌సైట్‌లో నెట్ ప్రైస్ కాలిక్యులేటర్ ఉంటుంది (సాయం పోగా మనం కట్టాల్సింది సుమారుగా ఎంతో చూపిస్తుంది), పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని వేసి చూడండి. హెచ్4 (హెచ్1బీ వాళ్ల కుటుంబ సభ్యులకిచ్చే వీసా) మీద ఉన్న పిల్లలకు ఫెడరల్ ఎయిడ్ (అమెరికా ప్రభుత్వ ఆర్థిక సాయం) రాదు, అందులో చూపించే ఆ మొత్తం తీసేసి లెక్కేసుకోండి.

ఇంకొకటి, అక్కడ నాలుగేళ్లు చదవడానికి పిల్లలకు నిజంగా ఇష్టం ఉండాలి. దయచేసి వాళ్లనే అడగండి. లిస్టు ఒకసారి చూడమంటే నాకు విడిగా మెసేజ్ పెట్టండి, తప్పకుండా చూస్తాను.