మన బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వాడే అంగళ్ల వాళ్లకు: బ్యాకప్ పద్ధతి మారింది

కర్నూలు, ఆదోని, నంద్యాల కస్టమర్లందరికీ నమస్కారం. కొత్త వర్షన్‌లో 'బ్యాకప్' (లెక్కల కాపీ తీసిపెట్టుకోవడానికి), 'రీస్టోర్' (ఆ కాపీని తిరిగి ఎక్కించుకోవడానికి) అని రెండు బటన్లు వచ్చాయి. "ఫైల్ కాపీ చేసుకుంటే సరిపోదా, దీనికో బటన్ ఎందుకు?" అని కొందరు అడుగుతున్నారు. సరిపోదు.

మీ లెక్కలన్నీ ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్‌లో ఉంటాయి. దానికి వేరే సర్వర్ అక్కర్లేదు. మా జావాస్క్రిప్ట్ ప్రోగ్రామ్ లోపలే నడుస్తుంది, డేటా మీ కంప్యూటర్‌లోనే ఫైల్‌గా ఉంటుంది. వేగం కోసం దాన్ని 'వాల్' (WAL) పద్ధతిలో పెట్టాం. అంటే మీరు కొట్టిన బిల్లు ముందు పక్కనున్న వాల్ ఫైల్‌లో పడుతుంది, ఆ తర్వాతే అసలు ఫైల్‌లోకి చేరుతుంది. చిట్టాలో రాసుకుని, తీరిక దొరికినప్పుడు ఖాతా పుస్తకంలోకి ఎక్కించినట్టు. ప్రోగ్రామ్ తెరిచి ఉండగా అసలు ఫైల్ ఒక్కటే పెన్‌డ్రైవ్‌లో వేసుకుంటే ఆఖరి బిల్లులు అందులో ఉండకపోవచ్చు. ఉల్లి మండీ నడిపే ఒక అన్నకు ఇదే జరిగింది. కొత్త కంప్యూటర్‌లో తెరిస్తే ఆ పొద్దున కొట్టిన రైతు పట్టీలు లేవు. పాత కంప్యూటర్ ఇంకా పనిచేస్తోంది కాబట్టి సరిపోయింది. ఇంకో మాట: కరెంటు పోయాక ఆ వాల్ ఫైల్ కనబడితే చెత్త అనుకుని తీసేయకండి, మీ చివరి బిల్లులు అందులోనే ఉండొచ్చు.

బ్యాకప్ బటన్ నొక్కితే ఎస్‌క్యూలైట్ తన సొంత బ్యాకప్ పద్ధతిలో పేజీలవారీగా, అంటే ముక్కలు ముక్కలుగా, కాపీ తీస్తుంది. ఆ లోపు మీరు బిల్లులు కొట్టుకోవచ్చు. తర్వాత ఆ కాపీని తెరిచి తనిఖీ చేసి, బాగుంటేనే పచ్చ టిక్కు చూపిస్తుంది. టిక్కు పడ్డాక పెన్‌డ్రైవ్‌ను ఎజెక్ట్ చేయకుండా లాగేస్తే మాత్రం నేనేం చేయలేను.

రీస్టోర్ రెండుసార్లు అడిగి గానీ మొదలవదు. ముందు ఇప్పుడున్న డేటాను తేదీ పేరుతో పక్కన పెడుతుంది, డేటాబేస్‌ను మూసి పాత వాల్ ఫైల్‌ను కూడా పక్కకు జరుపుతుంది. ఒక డేటాబేస్ వాల్ ఫైల్ ఇంకోదాని పక్కన మిగిలిపోతే లెక్కలు పాడవుతాయి. బ్యాకప్ తీశాక కొట్టిన బిల్లులు రీస్టోర్‌లో రావు. పాతదీ కొత్తదీ కలిపే సదుపాయం అడుగుతున్నారు గానీ, అది ఇవ్వడం లేదు. ఒకే నంబరుతో రెండు బిల్లులు తేలితే ఏది నిజమో ప్రోగ్రామ్ చెప్పలేదు.

క్లౌడ్ కూడా ఇవ్వడం లేదు. మీ బాకీల లెక్కలు నా సర్వర్‌లో పెట్టుకుంటే రాత్రింబగళ్లు కాపలా కాయాలి. నాది అంత పెద్ద వ్యాపారం కాదు. కాబట్టి రెండు పెన్‌డ్రైవ్‌లు పెట్టుకోండి, ఒకటి ఇంట్లో ఉండాలి. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ నీళ్లు ఊళ్లోకి వచ్చిన సంగతి కర్నూలు వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. గల్లా పెట్టెలో ఉన్న పెన్‌డ్రైవ్ అలాంటప్పుడు కంప్యూటర్‌తో పాటే పోతుంది.

ఏడాది చందా అయిపోయిన వాళ్లకు కూడా ఈ వర్షన్ ఉచితమే. డేటా పోయాక వచ్చే ఫోను ఎత్తాల్సింది నేనే కదా! కొత్త వర్షన్‌లో తీసిన బ్యాకప్‌ను పాత వర్షన్ తెరవదు. రెండు కంప్యూటర్లు ఉన్నవాళ్లు రెండింట్లోనూ ఒకేసారి మార్చుకోండి. వీలైతే ఒక ఆదివారం రెండో దాంట్లో రీస్టోర్ చేసి, నిన్నటి బిల్లు వచ్చిందో లేదో చూసుకోండి.